ఎనిమిదడుగుల రేకు

ఆఫీసు నుంచి వచ్చిన కాగితంల
ఊరి పేరే తప్పు.
శ్రీగిరి అట.
మా నోట్లె అది ఎలుగుగుట్ట.
బస్సు కండక్టరుకు అంత ఓపిక కూడ లేదు,
"గుట్ట, గుట్ట, దిగాలె" అంటడు,
ఊరు ఊరంత దిగుతది.

రేకు ఎనిమిదడుగుల పొడుగు, నాలుగడుగుల ఎత్తు.
కొత్తది కొనే పైసలు మంజూరు కాలేదు,
పాత నాకా ఎనుక పడున్నదాన్నే గీకి రాయమన్నరు.
"చూడదగిన ప్రదేశాలు", పచ్చ మీద తెలుపు,
బాణం గుర్తు ఎడమకు.

ఓదెలు ఆర్ట్స్ అంటే నేను,
నా మనుమరాలు సారక్క,
రెండు కుంచెలు, ఒక కిరసనాయిలు డబ్బ.

గరుకు కాగితం పెట్టి రుద్దుతుంటె
ముందుగాల సెల్‌ఫోను కంపెనీ ఊదారంగు రాలింది,
పిండి రాలినట్టు, సుతారంగ.
దాని కింద ఎర్ర అక్షరాలు:
"ఆరు దాటినంక ఘాటు ఎక్కరాదు."
అవి నావే.
రాసిననాడు చెయ్యి వణికింది,
ఆ "రా" చూడు, దీర్ఘం జారి కిందికొచ్చింది.
ఆ రోజుల్ల పొద్దూకితే
కుక్కలు సుత మొరుగుడు బంద్ పెట్టినయి.
ఊరికి డాంబరు రోడ్డు పడ్డది కూడ అప్పుడే,
మా కోసం కాదు, జీపుల కోసం.
ఇప్పుడు దాని అంచుకు సీతాఫలాల గంపలు.

ఇంకా గీకిన.
ఎర్ర త్రికోణం, నాలుగు నవ్వు మొఖాలు,
చిన్న కుటుంబం.
రాసింది మా బాపు.
మేము ఏడుగురం.
ఆ పూట ఇంటికొచ్చి గట్క తినుకుంట
ఆయనకాయనే నవ్విండని అమ్మ చెప్పేది.

అందరికన్న కింద
కుడి నుంచి ఎడమకు పారే రాత.
అది తాతది.
ఇప్పపువ్వు గంపకింత, వెదురు మోపుకింత
సుంకం కట్టి పోవాలని రాసిండేమో,
నాకు చదువ రాదు.
టైలరు గఫార్‌ను పిలిచిన.
అద్దాలు తుడుసుకోని, వంగి, శానసేపు చూసి
"ఒక్క ముక్కనే ఆనుతుంది ఓదెలన్నా,
రుకో.
మిగిలింది తుప్పు తిన్నది" అన్నడు.
ఆగినం ఇద్దరం.
ఇంకా గీకితే చిల్లు పడ్తది.

పచ్చరంగు రెండు పూతలు.

ఒకటి: కోట.
మూడు గోడలు, సగం బురుజు, ఒక గింజల గుంత.
ఎవలు కట్టిన్రో చెప్పే రాయి లేదు.
కాగితంల రాజుల పేరున్నది, రాసిన.
అక్కడ ఉలవలు ఎండబోసే మడావి జంగుబాయిని అడిగితే
"రాజుల సంగతి నాకెర్కలేదు,
ఎండ మాత్రం మంచిగ పడ్తది" అన్నది.

రెండు: జలపాతం.
వానకాలం రెండు నెలలు దునుకుతది,
తర్వాత బండకు చెమట పట్టినట్టు.
మేము దాన్ని ముసలోని దగ్గు అంటం.
రాత్రి ఇంట్ల పండుకున్నా వినబడ్తది.

మూడు: వ్యూ పాయింట్.
ఆడ నిలబడితే కింద పత్తి చేన్లు,
అవుతల బొగ్గుబాయి దీపాలు.
మా తమ్ముడు బాయిల దిగే దినాల్ల
ఆ దీపాల కదలిక చూసే
వాడు ఎన్నింటికి వస్తడో చెప్పి
అమ్మ పొయ్యి ముట్టించేది.
వ్యూ పాయింట్ అని ఆమెకు తెల్వది.

బాణం దగ్గర చెయ్యి ఆగింది.
ఈ రోడ్డు గుట్ట చుట్టూ తిరిగి
మళ్ల ఈడికే వస్తది.
ఎటు గీసినా అబద్ధం కాదు.
ఎడమకే గీసిన, కాగితం మాట ఎందుకు తీసేయాలె.

"ఎలుగేది తాతా?" అన్నది సారక్క.
కాగితంల లేదు బిడ్డా.
అది నా మాట ఇనలే.
మిగిలిన నల్లరంగుతోని మూలకు
ఇంత ఒళ్లు, నాలుగు కాళ్లు,
ముట్టె మాత్రం పంది లెక్క.

బోర్డు నాటిన మూడోనాడు
పొద్దున పొద్దున గొర్లకాపరి ఉరికొచ్చిండు.
పోయి చూస్తే
కర్ర స్తంభం మీద, నడుమెత్తుకు,
ఐదు గీతలు, లోతుగ,
కింద చెక్కపేళ్లు, నాలుగు నల్లటి ఎంట్రుకలు.

సారక్క ఎంట్రుకలు ఏరి కంపాసు డబ్బల దాసుకున్నది.
బిల్లు ఇంకా రాలే.